విశాఖపట్నం దంతపు కుర్చీ

విశాఖపట్నం దంతపు కుర్చీ 18వ శతాబ్దంలో విశాఖపట్నంలో యూరోపియనుల కొరకు తయారైన, ఏనుగు దంతపు పొదుగుడు పని గల కొయ్య కుర్చీ. విశాఖ పనివారి ఇటువంటి సామాగ్రి లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది.

చరిత్ర

ఈస్టిండియా కంపెనీ 1682లో విశాఖపట్నంలో వర్తక స్థావరాన్ని నెలకొల్పింది. కంపెనీ ఉద్యోగులు తమ ఇంటి కుర్చీలను, అచ్చు పుస్తకాలలోని బొమ్మలను చూపి అటువంటివే చేయించుకొనేవారు. థామస్ చిప్పెండేల్ 1754లో లండనులో ప్రచురించిన నమూనాల పుస్తకపు ఛాయలు ఆ కాలపు కుర్చీల వీపు భాగంలో కనిపిస్తాయి. కనుక నేడు అసలుగా భావించే కుర్చీ కూడా ఒక విధంగా నకలే. అయితే అంచుల వెంట పాకే పూలతీగలు ఇంగ్లండువి కావు. అవి కోరమాండల్ తీరపు కలంకారీ వస్త్రాలను తలపిస్తాయి.

మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ ఆస్తిని 1781లో వేలం వేసినప్పుడు, గంధపు చెక్కపై దంతపు రేకులు తాపిన కుర్చీలను మూడవ జార్జి రాజు తన రాణి షార్లెట్ కొరకు కొన్నాడు.

తయారీ

చట్రానికి రోజ్‌వుడ్ (ఇరుగుడు), నల్లచేవ వంటి గట్టి కలపను వాడేవారు. కాళ్ళను, అడ్డకమ్ములను మేకులతో కాక, ఒకదాని చివర చెక్కిన కుసిని వేరొకదాని రంధ్రంలో దించి, వజ్రంతో అతికిస్తారు. వజ్రమంటే పశువుల చర్మం, ఎముకలు మరిగించి తీసే జిగురు. వేడి, తడి తగిలితే ఇది వదలుతుంది కనుక మరమ్మతు సులభం. నేటి రసాయనిక జిగురుకు ఈ గుణం లేదు.

దంతపు పలకపై సన్నని గీతలు చెక్కి, వాటిలో నల్లని లక్క నింపి నునుపు చేస్తారు. ముద్ర వేసినట్లు కనిపించే ఆ బొమ్మలన్నీ చేతితో గీసినవే.

కూర్చునే భాగాన్ని పేము అల్లికతో గాని, మెత్తతో గాని చేసేవారు. మెత్తకు చట్రంపై పట్టీలు బిగించి, గోనెగుడ్డ పరచి, గుర్రపు వెంట్రుకలు కూరి, పైన వస్త్రం తొడుగుతారు. స్ప్రింగుల మెత్తలు 19వ శతాబ్దంలో గాని వ్యాప్తిలోకి రాలేదు. 18వ శతాబ్దపు కుర్చీకి నకలు చేస్తూ స్ప్రింగులు పెట్టడం సరికాదు.

పొడి ప్రాంతాలలో

కలప గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, పొడిగాలికి కుంచించుకుపోతుంది. ఈ మార్పు నారకు అడ్డంగానే ఎక్కువ. సముద్రపు గాలిలో చేసిన కుర్చీని ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం వంటి పీఠభూమికి తెస్తే కుసులు వదులై, దంతపు పలకలు లేచిపోయే ప్రమాదమున్నది. అక్కడ నకలు చేయదలచినవారు, కోసిన చెక్కను పని మొదలుపెట్టకముందే ఆ గాలికే నీడన చాలాకాలం ఆరనివ్వాలి. తొందరపడితే మొదటి వేసవిలోనే పగుళ్ళు తప్పవు.

చట్టం, గుర్తింపు

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ భారతీయ ఏనుగు దంతపు వ్యాపారాన్ని, 1991 సవరణ ఆఫ్రికా దంతపు వ్యాపారాన్ని నిషేధించాయి. అందుచేత నకళ్ళలో ఒంటె, గేదె ఎముకలను, రెజిన్‌ను వాడుతున్నారు. దంతాన్ని అడ్డంగా కోసినచోట ఒకదానినొకటి ఖండించుకొనే వంపు గీతలు ఉంటాయి. ఎముకపై సన్నని నల్లని చుక్కలు, చిన్న గీతలు కనిపిస్తాయి. రెజిన్‌లో ఈ రెండూ ఉండవు.