ఎప్పింగు అడవి - పలనాటి పచ్చిక

గ్రామమునకు పంటపొలములెంత ముఖ్యములో, ఆ పొలములను దున్ను పశువులకు మేతనిచ్చు బీళ్లును, పొయ్యిలోనికి పుల్లనిచ్చు అడవియు నంత ముఖ్యములు. పట్టా గల పొలమును కాపాడుకొనుటకు దాని యజమాని యుండును. అందఱికిని చెందిన బయలు అన్యాక్రాంతమగునప్పుడు మాత్రము, ఇది నాది యని న్యాయస్థానమున నిలువగలవాడు దొరకుట దుర్లభము. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశపు పల్లెజనులు ఈ చిక్కును విప్పుకొనిన విధమును, ఆ దేశపు విక్టోరియా రాణి యేలుబడిలోనే యున్న మన పలనాటి రైతుల హక్కు నిలువకపోయిన విధమును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో కొన్ని సంగతులు తేటపడును.

ఇంగ్లండున పదునెనిమిదవ శతాబ్దము నుండి పార్లమెంటు వేలకొలది శాసనముల మూలమున ఉమ్మడి బయళ్లకు కంచెలు వేయించి, వానిని ఒక్కొక్కరి సొత్తుగా విభజించెను. ఒక్క ఆవును ఉమ్మడి పచ్చికలో మేపుకొని కాలక్షేపము చేసిన చిన్న సంసారులెందఱో దానిని అమ్ముకొని కూలివాండ్రైరి. లండనునకు ఈశాన్యమున ఎసెక్సు మండలమందున్న ఎప్పింగు అడవి మాత్రము రాజుల వేటభూమి యగుటచే చాలకాలము ఈ తాకిడికి తట్టుకొనెను. అచ్చటి హక్కుల అమరిక విచిత్రమైనది: నేల భూస్వాములది, జింకలు రాజువి, మేత చుట్టుప్రక్కల భూములు గలవారిది, లౌటన్ గ్రామస్థులకో, నవంబరు 11వ తేది అర్ధరాత్రి మొదలు ఏప్రిల్ 23వ తేది వఱకు చెట్లకొమ్మలు నఱకి వంటచెఱకు తెచ్చుకొను ఆచారము తరతరములుగా కలదు. జింకలు స్వేచ్ఛగా తిరుగవలెను గనుక కంచెలు కూడవు. కంచెలు లేవు గనుక పశువులును తిరిగెను. ఈ విధముగా రాజుగారి వినోదమే పేదవాని పాడికి కాపుదలయైనది.

1850 తరువాత రాజప్రభుత్వము తన వేటహక్కులను భూస్వాములకు అమ్మివేయుటతో ఆ కాపుదల తొలగిపోయెను. పొరుగుననున్న హైనాల్టు అడవిలోని వృక్షములు, 1851లో వెలువడిన శాసనము ననుసరించి, వేళ్లతో పెకలింపబడెను. లౌటన్ భూస్వామి అడవిలో రమారమి వేయి ఎకరములకు కంచె వేయించెను. థామస్ విలింగేల్ అను కూలివాడు ఆ కంచెను లెక్కసేయక యథావిధిగా కొమ్మలు నఱకుచుండెను. 1866లో అతని కుటుంబమునకు చెందిన యువకులు ముగ్గురు చెఱసాల పాలైరి. అంతకు ముందటి యేడు లండనున వెలసిన ఉమ్మడి భూముల సంరక్షణ సంఘము వారు ద్రవ్యసాహాయ్యము చేయగా, విలింగేల్ భూస్వామిపై వ్యాజ్యము వేసెను. కాని 1870లో అతడు కాలధర్మము నొందుటతో ఆ వ్యాజ్యమును అంతరించెను.

అప్పుడు రంగమునకు వచ్చినవారు లండను నగర కార్పొరేషనువారు. శ్మశానవాటికకై వారు ఆ అడవి పరిధిలో కొంత నేలను కొనియుండిరి. నేలతోపాటు మేతహక్కును సంక్రమించుటచే వారు భూస్వాములపై వ్యాజ్యము వేసిరి. సంఘపు న్యాయవాదియైన రాబర్టు హంటరు పాతకాలపు అటవీ న్యాయసభల దాఖలాలను శోధించి, ఏ గ్రామపు పశువైనను అడవి నలుమూలల మేయవచ్చుననుటకు నిదర్శనములు కూర్చెను. మేతహక్కు అడవి యంతటిపై నున్నదని తేలినచో, ఏ మూలన కంచె వేసినను అది ఆ హక్కునకు భంగకరమే యగును గదా. 1874లో జార్జి జెస్సెల్ న్యాయమూర్తి ఈ వాదము నంగీకరించి, 1851 తరువాత వేసిన కంచెలు చట్టవిరుద్ధములని తీర్పు చెప్పెను. 1878 శాసనము ఇంచుమించు ఆఱువేల ఎకరములను కార్పొరేషనువారి రక్షణకు అప్పగించెను. లౌటన్‌వారి కొమ్మలహక్కు మాత్రము ఏడువేల పౌనుల పరిహారముతో ముగిసెను. ఆ ధనముతో ఊరిలో ఒక సభాభవనము లేచినది. 1882 మే 6వ తేదీన విక్టోరియా రాణి స్వయముగా విచ్చేసి, ఆ వనమును ప్రజల శాశ్వత వినియోగమునకు అర్పించెను.

ఆ సంవత్సరముననే మద్రాసు అటవీ శాసనము పుట్టినది! గ్రామస్థులకు అడవులపై తాతలనాటి హక్కులున్నవని మద్రాసు రెవిన్యూ బోర్డువారే అంతకు ముందు అటవీశాఖతో వాదించియుండిరి. అయినను క్రొత్త శాసనము, రిజర్వుగా ప్రకటింపబడిన అడవిలో హక్కు గలదనువారు గడువులోపల అర్జీ పెట్టుకొననిచో ఆ హక్కు నశించుననెను. ఎప్పింగున పాతదాఖలాలలో కనిపించిన వాడుకయే హక్కునకు సాక్ష్యమైనది; ఇచ్చట వాడుక యెంత పాతదైనను కాగితముపై నెక్కనిచో లేనట్లే. అక్షరము రాని పశుపాలకునకు ఈ భేదము ప్రాణాంతకము. హక్కు పోయి అనుమతి వచ్చెను. అనుమతితో పుల్లరి యను మేతపన్నును వచ్చెను.

వానలు తక్కువైన పలనాటిలో ఎద్దును, ఆవును బ్రతికించునది అడవి పచ్చికయే. 1921లో అచ్చటి రైతులు పుల్లరి చెల్లింపమని ఎదురు నిలిచి, అటవీ సిబ్బందిని సాంఘికముగా బహిష్కరించిరి. నాయకుడైన ఉన్నవ లక్ష్మీనారాయణగారు కారాగారమున కేగిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున ఆ పోరాటమున ముందు నిలిచిన కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలియయ్యెను. ధైర్యమున విలింగేల్‌కు హనుమంతు తీసిపోలేదు. అతని ప్రక్కన నిలిచి పాతదాఖలాలు వెదకుటకు హంటరు వంటి న్యాయవాది గాని, వ్యాజ్యమునకు ధనమిచ్చు నగరము గాని లేకుండెను.

2011లో జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, గ్రామపు ఉమ్మడి భూములను, పోరంబోకులను ఆక్రమించినవారిని తొలగించుటకు పథకములు సిద్ధపఱుపవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించెను. నాడు పలనాటికి దొరకని న్యాయపీఠము నేడు దొరకినది. అయినను మందలు తగ్గి, మేతబీటిలో అడుగు పెట్టువారు లేని ఊరి తరఫున ఆ పీఠము ముందర నిలుచు వాదియెవ్వడు? బయలును దక్కించుకొనదలచిన గ్రామము మొదట దానిని వాడుకొనుట మానరాదు. పిమ్మట ఆ వాడుకను పంచాయతీ దాఖలాలలో నెక్కించుకొనవలెను. ఎప్పింగున ఈ రెండును కలిసినవి. పలనాటిలో మొదటిది మాత్రమే యుండెను.