కాలదోషము పట్టిన నేరము

మూడేండ్లు దాటిన ప్రామిసరీ నోటుకు కాలదోషము పట్టునని ఎఱుగని గృహస్థు మనలో లేడు. కాని పసిపిల్లపై జరిగిన అత్యాచారమునకును అట్లే కాలదోషము పట్టుననిన వినువారు నివ్వెఱపోవుదురు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెక్కింట ఈ నియమము చిరకాలము నడచినది.

ఇంగ్లండున 1275లో చేసిన వెస్టుమినిస్టరు శాసనమున, చెఱుపబడిన స్త్రీ నలువది దినములలో తానుగా వ్యాజ్యము తేనిచో రాజే దానిని నడపవలెనని విధించిరి. గడువు ప్రజకే గాని రాజునకు లేదు. దక్షిణ కరొలైనా, వయోమింగు రాష్ట్రములలో నేటికిని ఏ నేరవిచారణకును గడువు లేదు. తక్కిన రాష్ట్రములు పెక్కు నేరములకు గడువులు పెట్టుకొన్నవి. సాక్షులు గతింతురు, జ్ఞాపకము మాసిపోవును; ముప్పదియేండ్ల క్రిందట తానెచట నుండెనో నిర్దోషి యెట్లు ఋజువు చేయగలడు? ఈ కారణములు తేలికవని మేము చెప్పము. అయితే ఆ గడువు ఏనాటినుండి లెక్కింపవలెనను చోటనే అన్యాయము దూఱినది.

కాలిఫోర్నియాలో 1955-1973 నడుమ ఇట్టి నేరములకు గడువు మూడేండ్లు. అయిదేండ్ల పిల్లకు అన్యాయము జరిగినచో ఆమెకు ఎనిమిదవ యేడు వచ్చునప్పటికి తలుపు మూతపడును! దోషి ఇంటి పెద్దయే యైనచో ఆ పిల్లను చేయిపట్టి న్యాయస్థానమునకు తీసికొనిపోవువారెవరు? 1993లో ఆ రాష్ట్రము కన్ను తెఱచి, బాధితులు పోలీసులకు చెప్పిన ఏడాదిలోపల అభియోగము తేవచ్చుననియు, వెనుకటి గడువు తీరిపోయినను చెల్లుననియు శాసించినది. దానినిబట్టి 1998లో ఒకనిపై పై సంవత్సరముల నాటి నేరములను మోపిరి. 2003 జూన్ 26న సుప్రీము కోర్టు, అయిదుగురు ఒక వైపున నలుగురు వేఱొక వైపున నిలువగా, తీరిపోయిన గడువును మరల బ్రతికింపరాదని తీర్చినది. ఆ చట్టముక్రింద నడచిన అనేక అభియోగములు కూలిపోయినవి.

తీర్పు కఠినమే, అయినను మేము తప్పుపట్టజాలము. ముగిసినదని చెప్పిన విచారణను ప్రభుత్వము తన ఇచ్చవచ్చినప్పుడు తిరుగ తోడుకొనుట ఎవరికిని క్షేమము కాదు. ఇంకను తీరని గడువును పొడిగించుటకు మాత్రము ఆ తీర్పు అడ్డురాలేదు. అదను దాటనిచ్చిన దోషము శాసనసభది.

అదే రాష్ట్రమున శాక్రమెంటో నగరమునందు వింత యొకటి జరిగినది. 1994 ఆగస్టున జరిగిన బలాత్కారమునకు ఆఱేండ్ల గడువు నాలుగు దినములలో తీరనుండగా, 2000 ఆగస్టు 21న అధికారులు పేరు తెలియని దోషిపై, అతని డి.యన్.ఏ. లక్షణములనే గుఱుతుగా వ్రాసి, అభియోగము తేగా, మఱునాడు అరెస్టు వారంటు పుట్టెను. మనిషి తరువాత దొరకెను. 2010లో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము ఆ వారంటు చెల్లునన్నది. 2017 జనవరి 1 నుండి, అప్పటికి గడువు తీరని ఘోర నేరములకును, అటుపై జరుగువానికిని కాలిఫోర్నియాలో గడువే లేదు.

మన దేశమున 1973 నాటి నేరవిచారణ స్మృతి గడువును శిక్షతో ముడిపెట్టినది. మూడేండ్లకు మించిన శిక్ష గల నేరమునకు గడువు లేదు; కావున బలాత్కారమునకు లేదు. స్త్రీ గౌరవమును భంగపఱచు దౌర్జన్యమునకు రెండేండ్ల శిక్షయే యుండుటచే మూడేండ్ల గడువుండెను. ఆంధ్రప్రదేశ శాసనసభ 1991లో ఆ శిక్షను ఏడేండ్లదాక పెంచగా, మన రాష్ట్రమున గడువు తనంతట తానే తొలగెను. దేశమంతటికిని ఆ మేలు 2013లో గాని కలుగలేదు. స్త్రీని వెంటాడుట మొదటిసారియైనచో శిక్ష మూడేండ్లు మించదు గనుక దానికి నేటికిని మూడేండ్ల గడువు కలదు. ఆలస్యమునకు తగిన కారణము చూపినచో మన్నించు అధికారము న్యాయస్థానమునకు కలదని మన యాడపడుచులు ఎఱిగియుండవలెను.