అనుభవం ఉంటేనే అధినేతా?

ఎన్నికల ఏడు వచ్చిందంటే చాలు, మా ఆష్‌బర్న్‌లో ఎవరింట్లో పాట్‌లక్ పెట్టుకున్నా బిర్యానీ చల్లారేలోగా చర్చ ఒకే చోటికి చేరుతుంది. "ఐదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ లేనివాడి రెజ్యూమె మనం తెరిచి కూడా చూడం. ఏ పదవీ చేయని మనిషికి దేశాన్నెలా అప్పగిస్తాం గురూ?" అని ఒకాయన అంటాడు. "నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు వెలగబెట్టింది చూశాంగా!" అని సోఫా అవతల నుంచి ఇంకొకాయన. ఇద్దరూ నాకు మంచి మిత్రులే. ఇద్దరి మాటా నాకు పూర్తిగా మింగుడు పడలేదు. అంచేత కొన్నాళ్ళు కూర్చుని ఈ విషయం మీద చదివాను. అందులో మన పాఠకులకి పనికొస్తాయనుకున్న సంగతులు ఇక్కడ పంచుకుంటున్నాను.

ముందు చట్టం సంగతి. అమెరికా రాజ్యాంగం అధ్యక్షుడికి పెట్టిన షరతుల్లో ముఖ్యమైనవి మూడే: పుట్టుకతో పౌరుడై ఉండాలి, 35 ఏళ్ళు నిండాలి, 14 ఏళ్ళు ఈ దేశంలో నివసించి ఉండాలి. అనుభవం ఊసే లేదు. మన భారత రాజ్యాంగం ఇంకా ఉదారం. పార్లమెంటు సభ్యుడు కాని వ్యక్తి కూడా మంత్రిగానో ప్రధానమంత్రిగానో ప్రమాణం చేయవచ్చు, ఆరు నెలల్లోగా ఏదో ఒక సభలో సభ్యుడైతే సరిపోతుంది. అంటే అర్హత తేల్చే పనిని రెండు దేశాలూ ఓటర్ల నెత్తినా, వాళ్ళు ఎన్నుకున్నవారి నెత్తినా పెట్టాయన్నమాట.

రెజ్యూమెలు చూసి ఎంచుకుందామంటే అమెరికా చరిత్ర పెద్దగా సాయం చేయదు. మా లౌడన్ కౌంటీలోనే, రూట్ 15 మీద లీస్‌బర్గ్ దాటి దక్షిణానికి వెళితే జేమ్స్ మన్రో కట్టించుకున్న ఓక్ హిల్ భవనం ఉంటుంది. సెనేటర్, వర్జీనియా గవర్నర్, ఫ్రాన్స్‌లో రాయబారి, విదేశాంగ మంత్రి, ఇన్ని చేసి అధ్యక్షుడయ్యాడాయన. 1820లో రెండోసారి దాదాపు పోటీ లేకుండా గెలిచాడు. జేమ్స్ బుకానన్ రెజ్యూమె కూడా అంత పొడుగుదే. కానీ ఆయన 1861లో దిగిపోయేనాటికి ఏడు రాష్ట్రాలు యూనియన్ విడిచి వెళ్ళిపోయాయి! ఆ ముక్కలను మళ్ళీ కలిపిన లింకన్‌కి ఉన్నది ఇల్లినాయ్ శాసనసభ అనుభవం, కాంగ్రెసులో ఒకే ఒక్క రెండేళ్ళ టర్ము, 1858లో సెనేట్ ఓటమి. మన కాలానికి వస్తే, 1983 నుంచి కాంగ్రెసులో ఉన్న మెకెయిన్‌ను కాదని 2008లో సెనేటర్‌గా నాలుగేళ్ళు కూడా నిండని ఒబామాను ఎన్నుకున్నారు. వర్జీనియా 1964 తర్వాత డెమొక్రాట్‌కి ఓటేసింది అప్పుడే. 2016లో ప్రభుత్వ పదవి గానీ సైనిక సేవ గానీ లేని తొలి అధ్యక్షుడిగా ట్రంప్ గెలిస్తే, 2020లో 36 ఏళ్ళు సెనేట్‌లో గడిపిన బైడెన్ గెలిచాడు. ఓటర్లకే ఒక సూత్రమంటూ లేదు.

ఈ ప్రశ్నకి నాకు తెలిసినంతలో మంచి పాఠ్యపుస్తకం మన తెలుగునాడే. ఒకే పదిహేనేళ్ళలో రెండు కొసలనీ చూసిన గడ్డ అది.

నందమూరి తారక రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ ప్రకటించారు. 1983 జనవరి 9న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. మధ్యలో ఉన్నది తొమ్మిది నెలల పైచిలుకు. ప్రభుత్వంలో ఆయన అనుభవమల్లా సినిమాల్లోకి రాకముందు కొద్దిరోజులు చేసిన సబ్-రిజిస్ట్రార్ ఉద్యోగం! అవతల కాంగ్రెసులో అనుభవానికి కొదవ లేదు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కర రెడ్డి అని 1978 నుంచి 1983 లోపు నలుగురు ముఖ్యమంత్రులు మారారు. ఢిల్లీ తలుచుకుంటే కుర్చీ ఖాళీ చేయాల్సిందే అన్నప్పుడు ఎంత అనుభవం ఉండి ఏం లాభం?

కొత్తవాడు కావడం వల్లే ఆయన చేయగలిగినవి కొన్ని ఉన్నాయని నా నమ్మకం. తరతరాలుగా కొన్ని కుటుంబాల చేతుల్లో ఉన్న కరణం, మునసబు పదవులను 1984 జనవరిలో ఒక ఆర్డినెన్సుతో రద్దు చేశారు. ఊళ్ళో ఓట్లు ఎవరి చేతుల్లో ఉంటాయో తెలిసిన పాతకాపు ఎవరూ ఆ జోలికి పోడు. ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్ళకి హక్కు ఇచ్చిన చట్టమూ ఆయన హయాంలోదే, 1985 నుంచి అమలు. కేంద్రం దేశమంతటికీ అదే పని చేసింది 2005లో.

మరి అనుభవలేమి ఖరీదు? 1983లో వచ్చీ రాగానే ఉద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించారు. ఉద్యోగులు సమ్మెకి దిగారు. ఆ నిర్ణయం చట్టబద్ధమేనని సుప్రీంకోర్టు తర్వాత చెప్పింది గానీ, వయసు మాత్రం మళ్ళీ 58కే చేరింది. అసలు దెబ్బ 1984 ఆగస్టులో తగిలింది. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగి వచ్చేసరికి సొంత ఆర్థికమంత్రి నాదెండ్ల భాస్కరరావు ఎమ్మెల్యేలను చీల్చే పనిలో ఉన్నారు. గవర్నర్ రామ్‌లాల్ ఆగస్టు 16న రామారావుగారిని తొలగించి నాదెండ్లను ముఖ్యమంత్రిని చేశారు. రామారావుగారు తన ఎమ్మెల్యేలను ఢిల్లీదాకా తీసుకెళ్ళి రాష్ట్రపతికి చూపించారు, తర్వాత కర్ణాటకలో దాచుకున్నారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ప్రజలు ఆయన పక్షాన నిలిచారు. కానీ మొదటిసారి చేయి జారింది ప్రజల వల్ల కాదు, పక్కన కూర్చున్నవారి వల్ల.

అందరికీ అలాంటి దెబ్బలు తగులుతాయి. తర్వాత ఏం నేర్చుకున్నారన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. 1989 ఫిబ్రవరిలో ఆయన మంత్రివర్గం మొత్తాన్నీ ఒక్క దెబ్బతో రాజీనామా చేయించారు. ఆ ఏడాది చివర్లో అధికారం పోయింది, కల్వకుర్తిలో తానే ఓడిపోయారు. 1994లో అఖండ విజయంతో తిరిగి వచ్చినా, 1995 ఆగస్టులో ఎమ్మెల్యేలు మళ్ళీ చేజారారు. ఈసారి తిరిగి రాలేదు. పన్నెండేళ్ళ అనుభవం తర్వాత కూడా అదే గుంట!

పి.వి. నరసింహారావుగారి కథ దీనికి తలకిందులు. 1957 నుంచి మంథని ఎమ్మెల్యే, రాష్ట్ర మంత్రి, 1971లో ముఖ్యమంత్రి. ఆ పదవిలో ఆయన విఫలమయ్యారనే చెప్పాలి. ఒకపక్క భూసంస్కరణలు, మరోపక్క ముల్కీ తీర్పు, దాని మీద జై ఆంధ్ర ఉద్యమం, అన్నీ ఒకేసారి మీద పడి 1973 జనవరిలో దిగిపోయారు. ఆ తర్వాత ఢిల్లీలో విదేశాంగ, హోమ్, రక్షణ, మానవ వనరుల శాఖలు చూశారు. 1991లో ఎన్నికల్లో పోటీ కూడా చేయకుండా మూటాముల్లే సర్దుకున్న మనిషిని, రాజీవ్ గాంధీ హత్య తర్వాత ప్రధాని పదవి వెతుక్కుంటూ వచ్చింది. లోక్‌సభలో మెజారిటీ లేదు. విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకి మించి లేదు. ఆయన ఆర్థికశాఖను ఒక్క ఎన్నికలోనూ నిలబడని మన్మోహన్ సింగ్‌కి ఇచ్చారు. జులై మొదటివారంలో రూపాయి విలువ రెండు విడతలుగా తగ్గింది. జులై 24న పారిశ్రామిక విధానాన్ని బడ్జెట్‌కి కొన్ని గంటల ముందు ఒక సహాయమంత్రి చేత సభలో పెట్టించారు. పద్దెనిమిది పరిశ్రమలు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కర్లేదన్న విధానం అది! అందరి చూపూ బడ్జెట్ మీదే. 1972లో సంస్కరణ గురించి గొంతెత్తి చెప్పిన మనిషి, 1991లో చప్పుడు చేయకుండా చేశారు. మనలో చాలామంది ఇక్కడికి ఎగిరొచ్చిన రన్‌వే ఆ రోజు వేసిందేనంటే అతిశయోక్తి కాదు.

అన్నట్టు, అదే ఏడాది నంద్యాల ఉప ఎన్నికలో ఆయన నిలబడితే, తెలుగువాడు ప్రధాని అయ్యారని తెలుగుదేశం పోటీ పెట్టలేదు. ఆ నిర్ణయం రామారావుగారిదే.

పి.వి. అనుభవం 1992 డిసెంబరు 6న అయోధ్యలో అక్కరకు రాలేదు. 1993 జులైలో అవిశ్వాస తీర్మానం నుంచి 14 ఓట్లతో గట్టెక్కిన తీరు మీద ముడుపుల కేసు నడిచింది. 2000లో కింది కోర్టు శిక్ష వేసింది, 2002లో హైకోర్టు కొట్టేసింది. ఓట్లు లెక్కపెట్టడం తెలిసిన చేతికి ఆ ప్రమాదం కూడా ఉంటుంది.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక జబ్బుంది. తెలివైన నిపుణుణ్ణి కుర్చీలో కూర్చోబెడితే దేశం దానంతటదే నడుస్తుందనుకుంటాం. లీస్‌బర్గ్‌లో జనరల్ మార్షల్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, ఆష్‌బర్న్ నుంచి అట్టే దూరం లేదు. ఏ ఎన్నికలోనూ నిలబడని ఆ సైనికుడి పేరుమీద 1948లో యూరప్‌ను నిలబెట్టిన ప్రణాళిక వచ్చింది. దాన్ని కాంగ్రెసులో దాటించింది మాత్రం పదేళ్ళు సెనేటర్‌గా పనిచేసిన ట్రూమన్, ప్రతిపక్షంలో ఉన్న సెనేటర్ వాండెన్‌బర్గ్. మన్మోహన్ వెనక పి.వి. ఉన్నట్టే. అందుకే నిపుణుడికి పై కుర్చీలో కూర్చునే మనిషిలో రాజకీయ అనుభవం చూడాలంటాను. ఎన్నేళ్ళన్నది మాత్రం కాదు, ఒకసారి దెబ్బతిని పద్ధతి మార్చుకున్నాడా అన్నది.

మా వర్జీనియా రాజ్యాంగం తమాషా అయినది, గవర్నర్ వరసగా రెండోసారి పోటీ చేయకూడదు. పని నేర్చుకున్నాడనగానే ఇంటికి పంపేస్తుంది! 2021లో మాజీ గవర్నర్ మెకాలిఫ్ మీద ఏ పదవీ చేయని యంగ్‌కిన్ గెలిచాడు. హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ 2019లో అధ్యాపక వృత్తి నుంచి నేరుగా రాష్ట్ర సెనేట్‌కి వచ్చి, 2025లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు.

మొన్న పాట్‌లక్‌లో ఇదంతా చెబితే మా రెజ్యూమె మిత్రుడు సూటిగా అడిగాడు: "అయితే నువ్వు రామారావుగారికి ఓటేసేవాడివా?" 1983లో తప్పకుండా వేసేవాణ్ణన్నాను. "మరి 1989లో?" అన్నాడు. అప్పుడు పి.వి.గారు ఏ సీటుకి నిలబడ్డారో ముందు చెప్పమన్నాను.