బోధనా భాషా వివాదం (ఉత్తరాంధ్ర)

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో, పిల్లలకు తెలుగు ఏ శైలిలో నేర్పాలన్న ప్రశ్నపై ఉపాధ్యాయులకూ విశ్వవిద్యాలయ పండితులకూ సాగిన తగవు. దీనికి కేంద్రం నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాలు. విచిత్రమేమంటే, కదలిక తెచ్చింది ఒక అధికారే. మాట్లాడే తెలుగుకూ పుస్తకాల (గ్రాంథిక) తెలుగుకూ ఇంత ఎడం ఎందుకని స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్ అడిగాడు. విశాఖ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆ ప్రశ్నను గిడుగు రామమూర్తి (1863–1940), విజయనగరం గురజాడ అప్పారావుల వైపు మళ్లించాడు.

శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు పర్లాకిమిడిలో దశాబ్దాలు పాఠం చెప్పి, 1911లో విరమించాడు. పిల్లాడు ఇంట్లో అనని మాటల్లో వ్యాసం రాయమనడం అతనికి మింగుడుపడలేదు. ఎవరూ మాట్లాడని ఆ భాషను పంతుళ్లు సైతం తప్పుల్లేకుండా రాయలేరని ఉదాహరణలతో చూపేవాడు. ప్రత్యర్థులను ఎక్కువగా నొప్పించింది బహుశా ఇదే. సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టి, వాచకాలు రాసిందీ ఇతనే.

జయంతి రామయ్య పంతులు నాయకత్వాన గ్రాంథికవాదులు గట్టిగా ఎదిరించారు. ఈ వివాదాన్ని పరిశీలించిన మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంలో గురజాడది అల్పసంఖ్యాక పక్షం. 1914లో విస్తారమైన అసమ్మతి పత్రం సమర్పించి, మరుసటి ఏడే కన్నుమూశాడు. పరీక్షల్లో గ్రాంథికమే నిలిచింది. గిడుగు 1919లో ‘తెలుగు’ పత్రికతో పోరు కొనసాగించాడు.