మార్పుల లెక్క

ఒకే గ్రంథమున పలువురి చేయి పడినచోట పాఠభేదము తప్పదు. తాళపత్రములను పరిష్కరించు పండితులకు ఏది మూలపాఠమో, ఏది లేఖకుని దోషమో తేల్చుటయే పెద్ద చిక్కు. ఎవరు, ఎప్పుడు, ఏల మార్చిరో తెలుపు లెక్క లేకపోవుటయే దానికి హేతువు. పలువురు కూడి వ్రాయు కంప్యూటరు ప్రోగ్రాములకును ఈ చిక్కే వచ్చినది.

1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రాచ్‌కిండ్ ఇట్టి లెక్క నుంచు తొలి సాధనములలో నొకదానిని రచించెను. 1980 దశకారంభమున పర్‌డ్యూ విశ్వవిద్యాలయమున వాల్టర్ టిఖీ ఆర్.సి.ఎస్. అను దానిని నిర్మించెను. అది తాజా ప్రతిని పూర్తిగ నుంచి, వెనుకటి ప్రతులను భేదములుగ మాత్రమే దాచును. అయితే వీనియందు ఒకడు దిద్దుటకు తీసికొన్న ప్రతికి తాళము పడును, తక్కినవారు వేచియుండవలెను.

ఈ తాళమును తీసినవారు ఒక గురువు, ఇద్దరు శిష్యులు. ఆమ్‌స్టర్‌డాంలో డిక్ గ్రూనె అను అధ్యాపకుడు 1984 జూలై మొదలు 1985 ఆగస్టు వరకు ఇద్దరు విద్యార్థులతో కూడి సి భాషకు కంపైలరును రచించుచుండెను. ఒక విద్యార్థి పగటివేళ నియమముగ పనిచేయును. రెండవవానికి వేళయే లేదు. గురువునకు సాయంకాలములే తీరిక. ఒకరికై యొకరు వేచియుండిన పని సాగదు. కావున ఎవరి ప్రతిలో వారు వ్రాసికొని, పిదప కలుపుకొను పద్ధతిని గ్రూనె కల్పించెను. 1986లో లోకమునకు వెల్లడియైన ఆ సాధనమే సి.వి.ఎస్. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కొరకు గిట్‌ను ఆరంభించెను. దీనియందు ప్రతివాని యొద్దను పూర్వచరిత్ర యంతయు నుండును.

వేర్వేరు చోట్ల దిద్దిన మార్పులను యంత్రమే కలుపును. ఇద్దరు ఒకే పంక్తిని రెండు విధములుగ దిద్దినచో మాత్రము రెండు పాఠములను ఎదుట నుంచి యూరకుండును. ఏది నిలుపవలెనో మనుష్యులే మాటలాడుకొని తేల్చుకొనవలెను.

గ్రామ లెక్కలలో తప్పు పద్దును గీకివేయక, చదువ వీలగునట్లు కొట్టివేసి ప్రక్కన సంతకము చేయుట సంప్రదాయము. గిట్‌తో కలిసి పనిచేయువారి మర్యాదయు నట్టిదే. నలుగురు పంచుకొన్న చరిత్రను చెరుపరాదు. తప్పును సరిదిద్దుచు క్రొత్త పద్దు వ్రాయవలెను.

ఒంటరిగ నూరు ప్రోగ్రాములు వ్రాసినను ఈ విద్య పట్టుబడదు. క్రొత్తగ నేర్చు యువకులు ముగ్గురు చేరి చిన్న పని నొకదానిని చేపట్టుడు. ఈ గ్రంథాలయపు పుస్తకముల పట్టికయే చాలును. బ్రాంచి యనబడు తన శాఖలో ఎవరికి వారు వ్రాయుడు. మార్పునకు కారణమును ఒక వాక్యమున తెలుపుడు. వేరొకరు చదివినగాని మూలమున కలుపకుడు. బుద్ధిపూర్వకముగ ఇద్దరు ఒకే పంక్తిని మార్చి, ఆ చిక్కును విప్పుకొనుడు. ఒకే పుస్తకమును పలువురు చదువుకొను మర్యాదను పాతికేండ్లుగ నేర్పిన యీ మందిరమున, ఒకే రచనను పలువురు వ్రాయు మర్యాదయు నేర్వదగినదే.