నగరాల నీటి ప్రణాళిక: అనిశ్చితిలో నిర్ణయాలు

వచ్చే ముప్పై, నలభై ఏళ్లలో వాన ఎంత పడుతుందో, జనం ఎంత పెరుగుతారో, ఎగువ రాష్ట్రాలు ఎంత నీరు వదులుతాయో ఎవరూ చెప్పలేరు. అయినా రిజర్వాయరు కట్టాలా, పైపులైను వేయాలా అన్నది నగర నీటి సంస్థలు ఇప్పుడే తేల్చుకోవాలి. ఈ చిక్కుకు మంచి ఉదాహరణ నంద్యాల జిల్లాలోనే ఉంది. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర తీసుకున్న కృష్ణా నీళ్లు బనకచర్ల క్రాస్ రెగ్యులేటర్ వద్ద చీలిపోతాయి. ఒక పాయ వెలుగోడు మీదుగా తెలుగుగంగ కాలువలో ఆళ్లగడ్డ వైపు సాగి, సోమశిల, కండలేరు దాటి చెన్నైకి తాగునీరవుతుంది. మరొకటి గోరకల్లు, అవుకు మీదుగా గండికోట చేరుతుంది.

చెన్నై కోసం 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇస్తామన్నాయి. దారిలో నష్టాలకు 3 పోగా సరిహద్దులో 12 టీఎంసీలు అందించాలని 1983 ఒప్పందం. నీళ్లు చెన్నై దగ్గరి పూండి జలాశయం చేరేసరికి 1996 వచ్చింది. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు 12 టీఎంసీలు నిండలేదు.

లెక్కలోనే ఒక మెలిక ఉంది. కృష్ణా జలాల వాటాలు తేల్చిన బచావత్ ట్రైబ్యునల్ 78 ఏళ్ల ప్రవాహాలు చూసి, 75 శాతం విశ్వసనీయతతో కృష్ణా నికర జలాలను 2,060 టీఎంసీలుగా తేల్చింది. అంటే నాలుగేళ్లలో ఒక ఏడు తక్కువ వస్తుందని ముందే ఒప్పుకున్నట్టు. రైతు ఆ ఏడు పైరు మార్చుకోగలడు, నగరం తాగడం మానుకోలేదు కదా! తర్వాత బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్ 47 ఏళ్ల లెక్కలు, 65 శాతం విశ్వసనీయత తీసుకుంది. అదే నది, వేరే అంకె. శ్రీశైలం నిల్వ కూడా మొదటి 308 టీఎంసీల నుంచి పూడిక వల్ల దాదాపు 215కు తగ్గింది. 2009 అక్టోబరులోనేమో 25 లక్షల క్యూసెక్కుల వరద ముంచెత్తింది. ఆ డ్యామును అంత వరదకు కట్టలేదు.

అవుకు కథ ఇంకో రకం. అవుకు మీదుగా సాగే గాలేరు-నగరి పథకం వరద మీద, అంటే మిగులు జలాల మీద ఆధారపడింది. వరద ఉన్న కొద్ది రోజుల్లోనే నీళ్లు మళ్లించుకోవాలి. అందుకే పోతిరెడ్డిపాడు సామర్థ్యాన్ని 11,150 నుంచి 44,000 క్యూసెక్కులకు పెంచే పని చేపట్టారు. తీరా అవుకు సొరంగాల్లో మెత్తటి మట్టి పొర అడ్డం పడి పని ఏళ్లతరబడి సాగింది. రెండో సొరంగం ప్రారంభమైంది 2023 నవంబరు 30న. ఆకాశమే కాదు, భూగర్భమూ అంచనాలను తలకిందులు చేస్తుంది.

ఒకే అంచనాను నమ్మి భారీ కట్టడానికి దిగడం పాత పద్ధతి. ఇప్పుడు ప్రణాళికలను ఎన్నో రకాల భవిష్యత్తులతో పరీక్షించి, ఎక్కువ పరిస్థితుల్లో గట్టెక్కేదాన్ని ఎంచుతున్నారు. లిమా నగరానికి ప్రపంచ బ్యాంకు 2015లో ఇలాగే ఏ పనులు ముందు, ఏవి వాయిదా అన్నది తేల్చింది. ఇంకో పద్ధతిలో జలాశయ మట్టం ఫలానా గీత దిగితేనే తర్వాతి పని మొదలవుతుంది. మెల్‌బోర్న్‌లో మాత్రం కరవు భయంతో కట్టిన సముద్రజల శుద్ధి కర్మాగారం 2012లో పూర్తయ్యేనాటికి డ్యాములు నిండాయి. 2016 దాకా దాని నీరు కావాలని ఎవరూ అడగలేదు, చెల్లింపులు మాత్రం ఆగలేదు.

అయినా అలాంటి కర్మాగారం వృథా అని కొట్టిపారేయలేం. చెన్నై 2015 డిసెంబరులో వరదలో మునిగింది, 2019 జూన్‌కు నగరానికి నీళ్లిచ్చే నాలుగు చెరువులూ దాదాపు ఎండి రైళ్లలో నీళ్లు తెప్పించుకుంది. 2003లో వాననీటి సేకరణను తప్పనిసరి చేసినా, 2004లో వీరాణం చెరువు నీళ్లు తెచ్చుకున్నా 2019లో గట్టెక్కలేదు. ఒక్క వనరును నమ్ముకుంటే నగరానికి చాలదు. మీంజూరు (2010), నెమ్మేలి (2013) సముద్రజల శుద్ధి కర్మాగారాలకు తోడు 2024 ఫిబ్రవరిలో నెమ్మేలిలోనే రోజుకు 15 కోట్ల లీటర్ల రెండో కర్మాగారం వచ్చింది. మూడూ పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి దాదాపు 4.5 టీఎంసీలు, అంటే తెలుగుగంగ 12 టీఎంసీల్లో మూడో వంతుకు కాస్త ఎక్కువ. సముద్రజల శుద్ధికి కరెంటు ఖర్చు ఎక్కువే, కానీ ఆ నీరు వాన మీద ఆధారపడదు.