పాత సినిమాహాలు – దాని రూపమునకు కారణములు

కడప నుండి కర్నూలుకు పోవు రహదారియు, ప్రొద్దుటూరు నుండి బద్వేలుకు పోవు రహదారియు ఒకదానినొకటి దాటు చోట మైదుకూరు ఉన్నది. ఇట్టి కూడలి ఊళ్లలో సరకు కొన వచ్చిన రైతు, బస్సుకై వేచియుండు బాటసారి, సెలవుదినమున విద్యార్థి – అందరును ఎరిగిన కట్టడము సినిమాహాలు. రాయలసీమలోని పాత హాళ్లు పేరులు వేరైనను రూపమున అక్కచెల్లెండ్రవలె ఉండును. ముందు ఎత్తైన ముఖభాగము, ప్రక్కల కిటికీలు లేని పొడవాటి గోడలు, వెనుక భాగమున చిన్న రంధ్రములు గల ఒక గది, లోపల తెరవైపు వాలిన నేల – ఇవి దాదాపు అన్నింటికిని సామాన్యము. ఈ రూపములో అధిక భాగమును నిర్ణయించినవి మూడు: నిప్పు, వెలుతురు, ధ్వని.

చలనచిత్రము మొదట తనకంటూ ఒక ఇల్లు లేకయే లోకమునకు వచ్చెను. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి చిత్రములు చూపినది ఒక కాఫీ హోటలు నేలమాళిగలో. 1896 జూలై 7న బొంబాయిలో వాటిని చూపినది వాట్సన్ హోటలులో. 1905లో తిరుచిరాపల్లి రైల్వే ఉద్యోగి స్వామికణ్ణు విన్సెంటు ఒక ఫ్రెంచి ప్రదర్శకుని వద్ద యంత్రమును, ఫిల్ములను కొని, గుడారముతో దక్షిణదేశమున ఊరూర తిరిగెను. మచిలీపట్నమునకు చెందిన రఘుపతి వెంకయ్య 1910లో క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించి ప్రదర్శనలిచ్చెను. పిదప మద్రాసులో గెయిటీ మున్నగు హాళ్లను కట్టించెను. విజయవాడలో 1921లో పోతిన శ్రీనివాసరావు స్థాపించిన మారుతీ సినిమా ఆంధ్రదేశమున తొలి సినిమాహాలుగా పేరొందినది.

పట్టణములలో హాళ్లు వెలసిన పిదప కూడ చిన్న ఊళ్లకు చాల కాలము డేరా సినిమాయే దిక్కు. విద్యుత్తు రాని ఊళ్లలో ఆయిలింజను, డైనమో డేరా వెంటనే వచ్చెడివి. ధ్వనిచిత్రములో ఒక సెకనుకు 24 బొమ్మలు కదలును. ఒక అడుగు ఫిల్ములో 16 బొమ్మలుండును. కావున నిమిషమునకు 90 అడుగుల ఫిల్ము కావలెను. 1,000 అడుగుల రీలు 11 నిమిషములలో ముగియును. మూడు గంటల చిత్రమునకు 16 రీళ్లకు పైగా కావలెనన్నమాట. డేరాలో యంత్రము ఒకటే యున్నచో రీలు మార్చునపుడెల్ల కథ ఆగెడిది. కడప జిల్లాలో పుట్టిన బి. నాగిరెడ్డి ప్రభృతులు నిర్మించిన ‘పాతాళభైరవి’ (1951) వంటి పెద్ద చిత్రమైనను ఈ లెక్కకు తలయొగ్గవలసినదే. శాశ్వతమైన హాలులో రెండు యంత్రములను ప్రక్క ప్రక్కన నిలిపి, ఒకదానిలో రీలు ముగియునంతలో రెండవదానిని నడిపించి ఈ చిక్కును తీర్చిరి. రెండేసి యంత్రములకు తగినంత గది అట్లు అవసరమయ్యెను.

ఆ గది గోడలు మందముగా ఉండుటకు కారణము నిప్పు. తొలినాటి ఫిల్ము నైట్రోసెల్యులోజుతో చేయబడినది. అది సుమారు 150 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే అంటుకొనగలదు. మండుటకు కావలసిన ఆమ్లజని దానిలోనే ఉండుటచేత నీటిలో ముంచినను మంట ఆరదు. అట్టి ఫిల్ము పోవు త్రోవకు దాపుననే ఆర్కు దీపము వెలుగుచుండెడిది. రెండు బొగ్గు కడ్డీల కొనల నడుమ విద్యుత్తు దూకుటచే పుట్టు ఆ వెలుగు 3,500 డిగ్రీలను దాటిన వేడి గలది. ఫిల్ము ఒక్క క్షణము కదలక నిలిచినచో చాలును, ప్రమాదమే. అందువలన ప్రొజెక్టరు గదిని మంటలంటని పదార్థముతో కట్టి, రంధ్రములకు తటాలున పడు ఇనుప రేకులనమర్చిరి. ఆర్కు పొగ పోవుటకు కప్పుపై గొట్టము నిలిపిరి. 1918 నాటి సినిమాటోగ్రాఫు చట్టము ప్రేక్షకుల రక్షణకు ఏర్పాట్లున్నగాని లైసెన్సు ఈయరాదని విధించెను. దీనికి వెనుక చేదు అనుభవము కలదు. 1897 మే 4న పారిస్‌లో ఒక ధర్మసంతలో చిత్రప్రదర్శన దీపమునకు ఈథరు పోయుచుండగా మంటలు లేచి 126 మంది మరణించిరి.

ఇక వెలుతురు. పగటి ఆటకు హాలు చీకటిగా ఉండవలెను గనుక ప్రక్క గోడలకు కిటికీలు లేవు; గాలి కొరకు పైన మాత్రమే సందులు విడిచిరి. తెర చుట్టు నల్లని అంచు బొమ్మ అంచులను దాటిన వెలుగును మ్రింగివేయును. నాటకశాలలో ముందు వరుస ఖరీదైనది. సినిమాహాలులో అదే చౌకైనది. తెర దగ్గర కూర్చున్నవానికి మెడ ఎత్తవలసి వచ్చును, బొమ్మలోని రేణువులు కనబడును. కనుక ముందు నేల, తరువాత బెంచీ, వెనుక కుర్చీ, పైన బాల్కనీ – ఇట్లు తరగతులేర్పడినవి. ముందున్నవాని తల అడ్డము రాకుండ నేలకు వాలు ఇచ్చిరి.

మూడవది ధ్వని. 1931లో ‘ఆలం ఆరా’, 1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చుటతో హాళ్లు మాటాడసాగెను. లౌడుస్పీకర్లు తెర వెనుక చేరెను. వాటి ధ్వని బయటికి వచ్చుటకై తెరకు సన్నని రంధ్రములు పొడిచిరి. కాని గోడలు మరియొక చిక్కు తెచ్చెను. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. 30 మీటర్ల పొడవు గల హాలులో వెనుక గోడను తాకి తెర దగ్గరకు మరలి వచ్చుటకు దానికి ఆరింట ఒక వంతు సెకను పట్టును. అంత ఆలస్యముగ వచ్చిన మాట మొదటి మాటతో కలిసి చెవిని కలచును. ఈ జిల్లాలో ఇండ్లకు పరచు కడప బండవంటి నున్నని రాతిలో ధ్వని ఇంకదు. దాదాపు అంతయు ఎగిరివచ్చును. అందుకే పాత హాళ్ల గోడలకు కొబ్బరిపీచు పలకలో, గోనెగుడ్డయో, గరుకు పూతయో అవసరమయ్యెను. లూమియేర్ల ప్రదర్శన జరిగిన 1895లోనే అమెరికాలో సాబిన్ అను ఆచార్యుడు ఒక ఉపన్యాసశాలలో ధ్వని ఎంతసేపు నిలుచునో కొలువసాగెను. మెత్తలును, మనుషులును ధ్వనిని పీల్చుకొందురని ఆయన లెక్కకట్టి చూపెను. హాలు నిండినపుడు మాట స్పష్టముగ వినబడుట ఇందువలననే. ఖాళీ తరగతిగదిలో చప్పట్లు కొట్టి, విద్యార్థులు నిండిన పిదప మరల కొట్టి చూచినచో ఇది తెలియును.

తరువాత ఈ మూడు కారణములును మారెను. 1951 నాటికి ప్రమాదకరమైన ఫిల్ము తయారీ ఆగి, ఎసిటేటు ఫిల్ము దాని స్థానము పొందెను. ఆర్కు స్థానమును జెనాన్ దీపము క్రమముగ ఆక్రమించెను. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రముగా వచ్చెను. అట్టి చిత్రములకు వెడల్పు తెర కావలెను. 2005 తరువాతి దశాబ్దములో డిజిటల్ యంత్రము వచ్చి రీళ్లనే తొలగించెను.

అయినను అగ్ని శాస్త్రము మారలేదు. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ హాలులో 59 మంది చనిపోయిరి. మంట ఫిల్ముది కాదు. క్రింది అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మరుది. బాల్కనీలో కొన్ని త్రోవలు మూసివేయబడి, అదనపు కుర్చీలు దారికి అడ్డుపడుటచే పొగలో చిక్కినవారు బయటపడలేకపోయిరి. పారిస్ ప్రమాదము జరిగిన నూరేండ్లకు కూడ ద్వారముల విలువ మరువబడెను.

పాత హాళ్లు అనేకచోట్ల కల్యాణమండపములుగను, గిడ్డంగులుగను మారుచున్నవి, కొన్ని కూలిపోవుచున్నవి. తమ ఊరిలోని హాలు నిలిచియుండగనే ఉపాధ్యాయులు, యజమాని అనుమతితో, విద్యార్థులను అచటికి కొనిపోవుట మంచిది. నేల వాలు ఎంత? ద్వారములెన్ని, అవి ఏ వైపునకు తెరచుకొనును? ప్రొజెక్టరు గది గోడ మందమెంత? రంధ్రమునకు ఇనుప రేకు నేటికిని ఉన్నదా? ఆర్కు దీపము నడిపిన ఆపరేటరు ఎవరైనను ఊరిలో ఉన్నచో ఆయన మాటలను వ్రాసికొనవలెను. ఒక టేపు, ఒక నోటుపుస్తకము ఇందుకు చాలును.